లైబ్రరీలో శబ్దాన్ని కొలిచే పెట్టె తయారు చేసుకోవడం ఎలా?

రీడింగ్ రూములో గోల ఎక్కువైతే దానంతటదే లైటు వెలిగి చెప్పే పెట్టె ఎలా చేయాలని చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్లలో కొందరు ఇప్పటికే ఒకటి చేసి చూసినవాళ్లే. సౌండ్ సెన్సర్ తెచ్చారు, మూడు వైర్లు కలిపారు, చప్పట్లు కొడితే లైటు వెలిగింది. తీరా లైబ్రరీలో పెట్టాక చూస్తే, ఎవరి చేతిలోంచో పుస్తకం జారిపడితే ఎర్ర లైటు, బల్ల చుట్టూ నలుగురు పావుగంట కబుర్లు చెప్పుకుంటే ఆకుపచ్చ లైటు.

వైర్లు కలపడంలో ఏ కష్టమూ లేదు. సరైన మైకు ఎంచుకోవాలి, వచ్చిన అంకెను నమ్మదగిన మీటరుతో సరిపోల్చాలి, లైటు ఎప్పుడు వెలగాలో సరిగ్గా లెక్క కట్టాలి. పని చెడేది ఈ మూడు చోట్లే. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటిచ్చాం. మీకు టంకం వేయడం వచ్చనీ, ఆర్డ్యునో ఐడీఈలో ప్రోగ్రాం ఎక్కించడం తెలుసనీ అనుకుని రాస్తున్నాం.

కావాల్సినవి

- ఈఎస్‌పి32 డెవలప్‌మెంట్ బోర్డు 1. 30 పిన్నులదైనా, 38 పిన్నులదైనా ఫరవాలేదు.
- ఐఎన్‌ఎంపి441 డిజిటల్ మైకు మాడ్యూళ్లు 2. వాడేది ఒకటే. టంకం వేసేటప్పుడు ముందుగా పాడయ్యేది ఇదే కాబట్టి రెండోది చేతిలో ఉంచుకోండి.
- 5 మి.మీ. ఎల్‌ఈడీలు 3: ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. గాజులా పారదర్శకంగా ఉండేవి వద్దు, పాలరంగు మసక ఉన్నవి తీసుకోండి. పారదర్శకమైనవి ఎదురుగా కూర్చున్నవాళ్ల కళ్లలో గుచ్చుకుంటాయి.
- రెసిస్టర్లు: 330 ఓమ్‌లవి 2, 100 ఓమ్‌లది 1, 100 కిలో ఓమ్‌లది 1.
- కెపాసిటర్లు: 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ 1, 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ 1.
- 3.3 వోల్టులతో పనిచేసే మైక్రో ఎస్‌డీ కార్డు మాడ్యూల్, కార్డు.
- డిఎస్3231 గడియారం మాడ్యూల్.
- 5 వోల్టుల, 1 ఆంపియర్ యుఎస్‌బీ అడాప్టర్.
- పెర్ఫ్‌బోర్డు, సన్న వైర్లు, ప్లాస్టిక్ పెట్టె, మెత్తని స్పాంజి ముక్క, వేడికి తట్టుకునే కాప్టాన్ టేపు.
- ఒక పూట అరువు తెచ్చుకోవడానికి క్లాస్ 2 సౌండ్ లెవల్ మీటరు.

చివరిది లేకుండా కూడా పని నడుస్తుంది. ఎలాగో తొమ్మిదో అడుగులో ఉంది.

ఈ మూడూ కొనకండి

నీలం పొటెన్షియోమీటరు, ఎల్‌ఎం393 చిప్పు ఉన్న చిన్న సౌండ్ సెన్సర్ చవగ్గా, ఎక్కడైనా దొరుకుతుంది. దాని డిజిటల్ పిన్ను శబ్దం ఎంతుందో చెప్పదు, ఒక గీత దాటిందా లేదా అని మాత్రమే చెబుతుంది. దాని అనలాగ్ పిన్నులో మైకు సిగ్నల్‌ను పెద్దది చేసే ఏర్పాటు ఉండదు. 10 బిట్ల ఆర్డ్యునో 5 వోల్టుల మీద గుర్తించగల కనీస తేడా 4.9 మిల్లీవోల్టులు. మామూలు మాటకు ఆ మైకు ఇచ్చే వోల్టేజి ఆ మెట్టు కిందే ఉండిపోతుంది.

రెండోది మ్యాక్స్9814 చిప్పుతో వచ్చే మాడ్యూల్. రికార్డింగుకు ఇది చక్కగా పనికొస్తుంది, కొలతకు అసలు పనికిరాదు. శబ్దం తగ్గితే అది గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలన్నది) పెంచుకుంటుంది, పెరిగితే తగ్గించుకుంటుంది. గుసగుసనూ అరుపునూ ఒకే మట్టానికి తేవడమే దాని పని. మనకు కావాల్సింది ఆ తేడానే.

మూడోది మ్యాక్స్4466. గెయిన్ స్థిరంగా ఉంటుంది కాబట్టి సూత్రప్రాయంగా తప్పేమీ లేదు. కానీ ఈఎస్‌పి32 అనలాగ్ పిన్నుల సొంత రొద ఎక్కువ. లైబ్రరీలాంటి నిశ్శబ్దపు గదిలో మీరు కొలిచేది గదిని కాదు, ఆ పిన్ను రొదను.

ఐఎన్‌ఎంపి441 మైకు లోపలే శబ్దాన్ని 24 బిట్ల అంకెగా మార్చి పంపుతుంది. దాని సొంత రొద 33 డెసిబెల్ ఎ (మనిషి చెవికి తగ్గట్టు సరిచేసిన డెసిబెల్, ఐదో అడుగు చూడండి) శబ్దానికి సమానం. గది నిజంగా 40 ఉంటే పెట్టె దాదాపు 41 చూపిస్తుంది, 35 ఉంటే 37 చూపిస్తుంది. లైబ్రరీకి ఇది సరిపోతుంది. పెట్టెలు నాలుగైదు చేసి వేర్వేరు గదులు పోల్చాలనుకుంటే ఐసిఎస్-43434 వాడండి. ఐఎన్‌ఎంపి441లో ఒక్కో మైకు డేటాషీట్ విలువకు 3 డెసిబెల్ అటూ ఇటూ ఉండవచ్చు, ఐసిఎస్-43434లో అది 1 డెసిబెల్.

అడుగు 1: మైకుకు పిన్నులు అతికించడం

మాడ్యూల్‌ను వెలుతురులో పట్టుకుని చూడండి. ఒకవైపు చిన్న లోహపు డబ్బా ఉంటుంది. మైకు అదే అయినా శబ్దం దూరేది అటునుంచి కాదు. బోర్డు తిప్పితే సూదిమొనంత రంధ్రం కనిపిస్తుంది, మైకు చెవి అదే. టంకం మొదలుపెట్టే ముందు ఆ రంధ్రం మీద కాప్టాన్ టేపు ముక్క అంటించండి. ఫ్లక్స్ ఆవిరి లోపలికి వెళ్లి పొర మీద పేరుకుంటే మైకు చావదు, మందగిస్తుంది. అసలు చిక్కు అదే. అంకెలు వస్తూనే ఉంటాయి, కానీ తప్పుగా వస్తాయి.

ఒక్కో పిన్ను దగ్గర రెండు మూడు సెకన్ల కంటే ఎక్కువసేపు వేడి పెట్టకండి. పని అయ్యాక టేపు తీయండి. ఆ రంధ్రంలోకి గాలి ఊదడం, స్పిరిట్‌తో కడగడం, పుల్లతో పొడవడం ఎప్పుడూ చేయకండి.

అడుగు 2: వైరింగ్

మైకు నుంచి ఈఎస్‌పి32కు:

- విడిడి → 3.3 వోల్టులు. 5 వోల్టులు తగిలితే మైకు పోయినట్టే.
- జిఎన్‌డి → గ్రౌండ్
- ఎస్‌సికె → పిన్ 26
- డబ్ల్యుఎస్ → పిన్ 25
- ఎస్‌డి → పిన్ 33
- ఎల్/ఆర్ → గ్రౌండ్. దీంతో మైకు ఎడమ ఛానెల్‌లో మాట్లాడుతుంది. దీన్ని గాల్లో వదిలేయకండి.

100 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను ఎస్‌డికీ గ్రౌండ్‌కూ మధ్య పెట్టండి. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను మైకు విడిడి, జిఎన్‌డి పిన్నుల దగ్గరే, వీలైనంత ఆనించి పెట్టండి. దాని పక్కనే 10 మైక్రోఫారడ్‌ది. మైకు వైర్లు 10 సెంటీమీటర్లు మించకూడదు. మైకు క్లాకు (ఎస్‌సికె) సిగ్నల్ 3 మెగాహెర్ట్జ్ పైన నడుస్తుంది, బారెడు వైర్లు వేస్తే బిట్లు చెదిరిపోతాయి.

లైట్లు: పసుపు పిన్ 32కు, ఎరుపు పిన్ 13కు, రెండింటికీ 330 ఓమ్‌లు. ఆకుపచ్చ పిన్ 27కు, దానికి 100 ఓమ్‌లు. ముదురు ఆకుపచ్చ ఎల్‌ఈడీలు చాలావాటికి 3 వోల్టుల దాకా కావాలి కాబట్టి 330 పెడితే వెలిగిందో లేదో తెలియదు. లైట్లను ట్రాఫిక్ సిగ్నల్‌లా నిలువుగా, ఎరుపు పైన ఉండేలా అమర్చండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు చోటును బట్టి గుర్తుపడతారు.

ఎస్‌డీ కార్డు మాడ్యూల్: సిఎస్ 5, క్లాక్ 18, మిసో 19, మోసి 23. గడియారం: ఎస్‌డిఎ 21, ఎస్‌సిఎల్ 22. గడియారానికి కూడా 3.3 వోల్టులే ఇవ్వండి. నీలం రంగు డిఎస్3231 మాడ్యూళ్లలో బ్యాటరీని చార్జ్ చేసే ఏర్పాటు ఉంటుంది. వాటికి 5 వోల్టులు ఇచ్చి, చార్జ్ చేయకూడని మామూలు నాణెం బ్యాటరీ పెడితే అది ఉబ్బుతుంది.

పిన్నులు మార్చుకోవాలంటే: 6 నుంచి 11 దాకా ముట్టుకోకండి, అవి ఫ్లాష్ మెమరీవి. 34 నుంచి 39 దాకా ఉన్నవి లోపలికి తీసుకోవడానికే, ఎల్‌ఈడీకీ క్లాకుకూ పనికిరావు. 0, 2, 12, 15 బోర్డు స్టార్టయ్యేటప్పుడు చూసుకునే పిన్నులు, వాటిని వదిలేయడం మేలు.

అడుగు 3: ముందు పచ్చి అంకెలు చూడండి

డెసిబెల్ లెక్క తర్వాత. మొదట మైకు సరిగ్గా మాట్లాడుతోందో చూడాలి. ఐటూఎస్‌ను (మైకు అంకెలను బోర్డుకు చేరవేసే పద్ధతి) సెకనుకు 48,000 శాంపిళ్లు (విడివిడి కొలతలు), 32 బిట్ల వెడల్పు, ఎడమ ఛానెల్ అని సెట్ చేయండి. మైకు ఇచ్చే 24 బిట్లు ఆ 32 బిట్లలో ఎడమవైపు సర్దుకుని వస్తాయి, కాబట్టి ప్రతి శాంపిల్‌ను 8 బిట్లు కుడికి జరపాలి. వేరియబుల్ ప్లస్, మైనస్ గుర్తు ఉన్న రకంగా ఉండాలి. గుర్తులేని రకం వాడితే రుణసంఖ్యలన్నీ భారీ ధనసంఖ్యలవుతాయి.

మొదటి సెకను శాంపిళ్లు పారేయండి, మైకు నిలదొక్కుకోవడానికి ఆ కాస్త సమయం కావాలి. తర్వాత సీరియల్ ప్లాటర్‌లో చూడండి. నిశ్శబ్దంగా ఉంటే సన్నటి గీత, మాట్లాడితే అటూ ఇటూ సమానంగా ఊగే అల రావాలి.

- అన్నీ సున్నాలే వస్తే: ఛానెల్ తప్పు. ప్రోగ్రాంలో కుడికి మార్చి చూడండి. ఈఎస్‌పి32 లైబ్రరీ పాత వెర్షన్లలో ఎడమ, కుడి తారుమారయ్యేవి.
- ఒకే అంకె కదలకుండా ఉంటే: ఎస్‌డి వైరు ఊడింది, లేదా క్లాకు అందడం లేదు.
- సున్నాకు దూరంగా ఒకవైపే ఊగుతుంటే: కొంత డీసీ (అలను ఒకవైపుకు నెట్టే స్థిరమైన అంకె) ఉండటం మామూలే, ఐదో అడుగులోని ఫిల్టర్ దాన్ని తీసేస్తుంది.

అడుగు 4: అంకెల నుంచి డెసిబెల్

ఒక్కో ముక్క 125 మిల్లీసెకన్లు పెట్టుకోండి, అంటే 6,000 శాంపిళ్లు. ఒకేసారి చదవక్కర్లేదు, వెయ్యేసి చొప్పున ఆరుసార్లు చదివి కలపండి. ప్రతి శాంపిల్‌ను వర్గం చేసి, మొత్తం కూడి, 6,000తో భాగించి, వర్గమూలం తీయండి. వచ్చినది ఆర్‌ఎంఎస్.

ఐఎన్‌ఎంపి441 డేటాషీట్ ప్రకారం 94 డెసిబెల్ శబ్దానికి అల శిఖరం 4,20,426 దగ్గర ఉంటుంది. దాని ఆర్‌ఎంఎస్ 2,97,286. కాబట్టి సూత్రం ఇది:

డెసిబెల్ = 94 + 20 × లాగ్10 (ఆర్‌ఎంఎస్ ÷ 2,97,286) + సవరణ

సవరణ ప్రస్తుతానికి సున్నా, దాని అసలు విలువ తొమ్మిదో అడుగులో తేలుతుంది. చేత్తో సరిచూసుకోవడానికి: ఆర్‌ఎంఎస్ 593 వస్తే 40 డెసిబెల్, 5,930 వస్తే 60.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు వర్గాల మొత్తాన్ని 32 బిట్ల పూర్ణసంఖ్యలో దాచడం. శబ్దం 40 డెసిబెల్ దాటగానే అది నిండిపోయి రుణసంఖ్య అవుతుంది. లాగ్ లెక్క చెడిపోయి తెర మీద అంకె బదులు పిచ్చి అక్షరాలు వస్తాయి. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి, మాట్లాడగానే చెడితే ముందు దీన్నే అనుమానించండి. 64 బిట్లు వాడండి.

రెండో తప్పు సగటులో. డెసిబెళ్లను మామూలుగా కూడి భాగించకూడదు. సగం సేపు 40, సగం సేపు 60 ఉంటే సగటు 50 కాదు, 57. ప్రతి విలువనూ శక్తిగా మార్చి, అంటే దాన్ని 10తో భాగించి, వచ్చినదాన్ని 10 మీద ఘాతంగా వేసి, వాటి సగటు తీసి, మళ్లీ డెసిబెల్‌లోకి తేవాలి.

అడుగు 5: ఎ-వెయిటింగ్

మనిషి చెవి గంభీరమైన ధ్వనులను తక్కువగా వింటుంది, మైకు అన్నిటినీ దాదాపు ఒకేలా వింటుంది. ఈ తేడాను సరిచేసే లెక్కే ఎ-వెయిటింగ్. ఈ అడుగు మానేస్తే ఏసీ గొణుగుడు, దూరాన పోయే లారీ మోత అంకెను పైకి లేపేస్తాయి. మనుషుల మాట అందులో మునిగిపోతుంది.

దీనికి రెండు దారులు. మొదటిది మూడు బైక్వాడ్ ఫిల్టర్ల (కొన్ని గుణకాలతో నడిచే చిన్న డిజిటల్ ఫిల్టర్ల) గొలుసు, నాలుగో అడుగులో వర్గం చేసే ముందు శాంపిళ్లు దీని గుండా వెళ్లాలి. గుణకాలు 48,000 శాంపిళ్లకు లెక్కగట్టినవే కావాలి. 44,100కు చేసిన గుణకాలను తెచ్చి 48,000లో వాడితే వంపు మొత్తం పక్కకు జరుగుతుంది. లెక్కలు ఫ్లోట్‌లో చేయండి. డబుల్ వాడితే ఈఎస్‌పి32 నెమ్మదిస్తుంది, దాని చిప్పులో డబుల్‌కు ప్రత్యేక ఏర్పాటు లేదు. రెండో దారి ఎఫ్‌ఎఫ్‌టీ (శబ్దాన్ని పౌనఃపున్యాలుగా విడగొట్టే లెక్క): 4,096 పాయింట్లు తీసి, ఒక్కో పౌనఃపున్యానికి దాని ఎ విలువ కలిపి, శక్తులన్నీ కూడటం. అర్థం చేసుకోవడం తేలికే కానీ ఇందులో ఒక గుంట ఉంది. హాన్ విండో (ముక్క రెండు చివర్లనూ మెల్లగా సున్నాకు దించే గుణకాలు) వేస్తే 4.26 డెసిబెల్ పోతుంది, దాన్ని తిరిగి కలపాలి. ఫిల్టర్ల దారే మంచిదని మా సలహా.

సరిచూడటానికి స్పీకరు వాడకండి. స్పీకర్ల వంపు, గది ప్రతిధ్వని కలిసి మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తాయి. ప్రోగ్రాంలోనే సైన్ అల తయారుచేసి, మైకు శాంపిళ్ల బదులు దాన్ని ఫిల్టర్‌లోకి పంపండి. లోపలికి వెళ్లినదానికీ బయటికి వచ్చినదానికీ తేడా ఇలా ఉండాలి:

- 100 హెర్ట్జ్: మైనస్ 19.1
- 200 హెర్ట్జ్: మైనస్ 10.9
- 1,000 హెర్ట్జ్: 0
- 4,000 హెర్ట్జ్: ప్లస్ 1.0

అర డెసిబెల్ అటూ ఇటూ ఐతే ముందుకు వెళ్లండి. 10,000 హెర్ట్జ్ పైన ఇంకాస్త తేడా వచ్చినా లైబ్రరీలో దాని ప్రభావం కనిపించదు.

అడుగు 6: లైటు ఎప్పుడు వెలగాలి?

పెట్టె మన్నన పొందుతుందా, మూలన పడుతుందా అన్నది ఇక్కడే తేలుతుంది. ముక్క ముక్కకూ లైటు మారిస్తే దీపావళి అవుతుంది. అందుకని చాలామంది 20 సెకన్ల సగటు తీస్తారు. అది సరైన సగటే అయినా లైటుకు పనికిరాదు. ఎందుకో లెక్కేసి చూడండి: గది 42 డెసిబెల్‌లో ఉంది. ఒక పుస్తకం పడి సెకనులో ఐదో వంతు సేపు 80 డెసిబెల్ వచ్చింది. 20 సెకన్ల శక్తి సగటు 60కి పోతుంది. అంటే ఒక్క పుస్తకం పడినందుకు పెట్టె 20 సెకన్ల పాటు అందరూ మాట్లాడుతున్నట్టు చూపిస్తుంది.

కాబట్టి లైటు కోసం సగటు తీయకండి, ముక్కలు లెక్కపెట్టండి. 30 సెకన్లలో 240 ముక్కలుంటాయి. పసుపు, ఎరుపు గీతలు ఎన్ని డెసిబెళ్ల దగ్గర పెట్టాలో పదో అడుగులో ఉంది.

- పసుపు గీత దాటిన ముక్కలు 80 అయితే పసుపు.
- ఎరుపు గీత దాటినవి 80 అయితే ఎరుపు.
- దాటిన ముక్కలు 30 కంటే తగ్గితేనే ఒక మెట్టు కిందికి దిగండి.

పుస్తకం పడితే మహా అయితే మూడు నాలుగు ముక్కలు దాటుతాయి, లైటు కదలదు. కుర్చీ జరిపినా అంతే. మాటల్లో పదానికీ పదానికీ మధ్య ఖాళీలు ఉంటాయి కాబట్టి మూడో వంతు ముక్కలు చాలు, అన్నీ దాటాలని పెడితే కబుర్లు దొరకవు. ఎక్కడానికి 80, దిగడానికి 30 అని వేరువేరుగా పెట్టడం వల్ల లైటు రెండు రంగుల మధ్య ఊగిసలాడదు.

ఈ ఆలస్యం వల్ల ఇంకో మేలుంది. వెంటనే మారే లైటు పిల్లలకు ఆట. అరిస్తే ఎర్రగా అవుతుందని తెలిసిన క్షణం నుంచీ అరుస్తూనే ఉంటారు. ఐదారు సెకన్లు అరిచినా లైటు మారకపోతే ఆట విసుగొస్తుంది.

లైటు మిణుకుమిణుకుమనకూడదు. ఒక రంగు నుంచి ఇంకో రంగుకు రెండు సెకన్లలో మెల్లగా మారాలి. బజర్ పెట్టొద్దు. చదువుకునేవాళ్లను కాపాడటానికి చేసిన పెట్టే వాళ్లను ఉలిక్కిపడేలా చేయకూడదు.

అడుగు 7: రికార్డు

నిమిషానికి ఒక వరుస చాలు: సమయం, శక్తి సగటు, ఎల్10, ఎల్90, గరిష్ఠం, ముక్కల సంఖ్య. ఎల్90 అంటే ఆ నిమిషంలో 90 శాతం సేపు శబ్దం దేనికంటే పైన ఉందో ఆ విలువ, గది మామూలు మట్టం అన్నమాట. ఎల్10 అంటే 10 శాతం సేపు మాత్రమే దాటిన విలువ, మాటలూ అలజడీ ఇక్కడ కనిపిస్తాయి. 30 నుంచి 100 డెసిబెల్ దాకా అర డెసిబెల్ గళ్లు 140 పెట్టుకుని, ప్రతి ముక్కనూ దాని గడిలో ఒకటి పెంచుతూ పోతే రెండూ తేలిగ్గా వస్తాయి.

ముక్కల సంఖ్య నిమిషానికి 480 ఉండాలి. తగ్గిందంటే కార్డు మీద రాసేటప్పుడు శాంపిళ్లు జారిపోతున్నాయి. మైకు చదివే పనిని ఒక కోర్‌లో, కార్డు పనిని రెండో కోర్‌లో పెట్టండి. ప్రతిసారీ ఫైలు తెరిచి, రాసి, మూసేయండి. కరెంటు పోతే ఒక్క వరుసే పోతుంది.

మాటలు దాచకండి. ఈ విషయంలో రాజీ లేదు. లైబ్రరీకి వచ్చినవాళ్లు మైకు ఉందని తెలిస్తే అనుమానపడతారు, పడాలి కూడా. శాంపిళ్లు మెమరీలో 125 మిల్లీసెకన్లు ఉండి, లెక్క అవగానే వాటి మీద కొత్తవి పడాలి. కార్డు మీదకు అంకెలు తప్ప ఏమీ వెళ్లకూడదు. పరీక్ష కోసం ధ్వనిని రాసే ఫంక్షన్ పెట్టి ఉంటే పెట్టె బిగించే ముందు దాన్ని ప్రోగ్రాం నుంచి పూర్తిగా తీసేయండి. లైబ్రేరియన్ అనుమతి తీసుకోండి. పెట్టె మీద స్పష్టంగా రాయండి: "ఇది మాటలు రికార్డు చేయదు. శబ్దం ఎంతుందో మాత్రమే కొలుస్తుంది."

వైఫై అవసరం లేకపోతే ఆపేయండి. వైఫై పంపే ప్రతిసారీ కరెంటు ఒక్కసారిగా లాగుతుంది, ఆ కుదుపు మైకు సప్లైలోకి వస్తుంది.

అడుగు 8: పెట్టె

మైకు రంధ్రానికి ఎదురుగా పెట్టె గోడకు 3 మి.మీ. రంధ్రం చేయండి. రెండింటి మధ్య ఖాళీ వదలకూడదు. మధ్యలో రంధ్రం ఉన్న స్పాంజి వాషర్ పెట్టి మైకు బోర్డును గోడకు మెత్తగా అదమండి. ఖాళీ వదిలితే పెట్టె లోపలి గాలి ఖాళీ సీసా నోటి మీద ఊదినట్టు మోగుతుంది, కొన్ని స్వరాలు పెరిగి వినిపిస్తాయి. జిగురు తుపాకీ మైకు దగ్గరికి తీసుకురావొద్దు. దుమ్ము ఆపడానికి రంధ్రం మీద బయటినుంచి సన్నటి నైలాన్ వల ఒక పొర చాలు. మందపాటి గుడ్డ వేస్తే పై స్వరాలు తగ్గుతాయి.

అడుగు 9: మీటరుతో సరిపోల్చడం

పెట్టె మూత బిగించాకే చేయండి. విప్పి ఉండగా చేసిన సరిపోలిక మూత వేశాక చెల్లదు.

1. నిశ్శబ్దమైన గదిలో పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసిన హోరు) వినిపించే స్పీకరు పెట్టండి. ఒకే స్వరం వాడకండి, గదిలో అది కొన్నిచోట్ల పెరిగి కొన్నిచోట్ల తగ్గి నిలబడుతుంది. రెండు మైకులు వేలెడు దూరంలో ఉన్నా వేర్వేరు అంకెలు చూపిస్తాయి.
2. మీటరు మైకునూ పెట్టె రంధ్రాన్నీ స్పీకరుకు ఒక మీటరు దూరంలో, 3 సెంటీమీటర్లలోపు పక్కపక్కన ఉంచండి. మీటరు ఎ-వెయిటింగ్‌లో, స్లో మీద ఉండాలి.
3. వాల్యూమ్ మారుస్తూ 50, 60, 70, 80 దగ్గర అర నిమిషం చొప్పున రెండింటి అంకెలూ రాసుకోండి. మీరు పక్కకు జరగండి, మీ ఒళ్లు కూడా శబ్దాన్ని వెనక్కి కొడుతుంది.
4. నాలుగు తేడాల సగటును ప్రోగ్రాంలో సవరణగా పెట్టండి.

నాలుగు తేడాలూ ఒకదానికొకటి 1 డెసిబెల్ లోపు ఉండాలి. మీటరు 60 అంటే పెట్టె 63, మీటరు 80 అంటే పెట్టె 83 ఐతే ఏ ఇబ్బందీ లేదు, సవరణ మైనస్ 3. మీటరు 60కి 66, 80కి 78 అని తేడా మారుతూ వస్తే సవరణతో కుదరదు. ఎక్కడో శబ్దాన్ని అణిచేస్తున్నది ఉంది, వెనక్కి వెళ్లి ఫిల్టర్, మైకు రంధ్రం చూడండి.

సౌండ్ లెవల్ క్యాలిబ్రేటర్ దొరికినా ఈ మైకుకు నేరుగా వాడకండి. దాని గొట్టం గుండ్రటి మీటరు మైకులకు చేసినది. చదునైన బోర్డు మీద గాలి కారిపోయి అంకె తప్పుతుంది.

మీటరు దొరకకపోతే సవరణ సున్నాగానే ఉంచండి. డేటాషీట్ విలువ మీద 3 డెసిబెల్ అటూ ఇటూగా ఉంటుంది. ఫోన్ యాప్‌తో సరిపోల్చితే మెరుగవుతుందనుకోవద్దు, ఫోన్లు కూడా చాలావరకు గెయిన్‌ను తమంతట తామే మార్చుకుంటాయి. గీతలను గది నుంచే తీసుకుంటాం కాబట్టి లైట్లు సరిగ్గానే పనిచేస్తాయి. ఆ అంకెలను ఇంకో గదితో పోల్చడం మాత్రం కుదరదు.

అడుగు 10: చోటు, గీతలు

కూర్చున్నవాళ్ల తలల కంటే పైన, సుమారు 2 మీటర్ల ఎత్తులో పెట్టండి. ఫ్యాను గాలి, ఏసీ గాలి నేరుగా తగలకూడదు. మైకు మీద గాలి తగిలితే అది శబ్దంగానే నమోదవుతుంది. తలుపు, కిటికీ, పుస్తకాలు తిరిగిచ్చే కౌంటరు పక్కన వద్దు. బల్ల మీద పెడితే మోచేతి తాకిడి కూడా వినిపిస్తుంది. గోడకు తగిలిస్తే శబ్దం గోడ నుంచి తిరిగొచ్చి అంకె కాస్త ఎక్కువ చూపిస్తుంది. అయినా ఎప్పుడూ అదే చోట ఉంటే ఇబ్బంది లేదు. చోటు మారిస్తే మాత్రం గీతలు మళ్లీ పెట్టాలి.

మొదటి వారం లైట్లు ఆపేసి రికార్డు మాత్రమే చేయండి. లైబ్రరీ తెరిచి ఉన్న గంటల ఎల్90 విలువలన్నీ తీసి మధ్యస్థం చూడండి. దానికి 8 కలిపితే పసుపు గీత, 14 కలిపితే ఎరుపు గీత. ఎల్90 మధ్యస్థం 40 ఐతే 48, 54 అన్నమాట. మామూలు సంభాషణ ఒక మీటరు దూరంలో 60 డెసిబెల్ దగ్గర ఉంటుంది కాబట్టి ఈ గీతలు పెట్టె దగ్గరి బల్లలకు బాగా సరిపోతాయి. పెద్ద హాలైతే ఒక పెట్టె చాలదు, దూరపు మూలలో మాటలు ఇక్కడికి వచ్చేసరికి పలుచబడతాయి.

ఎల్90 మధ్యస్థమే 50 దాటితే గోల పాఠకులది కాదు, ఫ్యాన్లదో ఏసీదో వీధిదో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాలు తరగతి గదికి 35 డెసిబెల్ చెప్పాయి. దాంతో పోల్చి చూపిస్తే మరమ్మతు అడగడానికి మీ రికార్డు పనికొస్తుంది. ఐతే ఇది ధ్రువీకరించిన పరికరం కాదు. దీని అంకె చూపించి ఎవరికీ జరిమానా వేయకండి, అధికారిక ఫిర్యాదుకు జత చేయకండి. దానికి ఐఈసీ 61672 ప్రమాణం ప్రకారం పరీక్షించిన మీటరు కావాలి.

అంకె తేడాగా ఉంటే

- ఎప్పుడూ 48 డెసిబెల్ ఎక్కువ: 8 బిట్లు జరపడం మరిచారు.
- 6 డెసిబెల్ ఎక్కువ లేదా తక్కువ: ఒక్క బిట్టు అటో ఇటో ఎక్కువ జరిపారు.
- ఎంత నిశ్శబ్దంలోనూ 45 కిందికి రాదు: మైకు పక్కన కెపాసిటర్ లేదు, లేదా చవక అడాప్టర్ రొద. ఒకసారి పవర్ బ్యాంకు మీద నడిపి చూడండి. తగ్గితే అడాప్టర్ మార్చండి.
- నెలలు గడిచేకొద్దీ అంకె తగ్గుతూ వస్తోంది: వల మీద దుమ్ము. వల తీసి కొత్తది వేయండి, మైకును ముట్టుకోకండి.
- బోర్డు దానంతటదే రీస్టార్ట్ అవుతోంది: వైఫై వేసినప్పుడు కరెంటు చాలడం లేదు, లేదా యుఎస్‌బీ కేబుల్ మరీ సన్నది.

తగిలించే ముందు చివరి పరీక్ష: వీలైతే ఆరుబయట, గోడలకు దూరంగా, చిన్న స్పీకరులో పింక్ నాయిస్ పెట్టి 25 సెంటీమీటర్ల దూరంలో ఒకసారి, 50 సెంటీమీటర్ల దూరంలో ఒకసారి కొలవండి. దూరం రెట్టింపైతే 6 డెసిబెల్ తగ్గాలి. 5 నుంచి 7 మధ్య వస్తే పెట్టె సిద్ధం. 3 మాత్రమే తగ్గితే చుట్టూ ప్రతిధ్వని ఎక్కువుంది లేదా స్పీకరు శబ్దం చాలక వెనక రొద కలుస్తోంది. వాల్యూమ్ పెంచి, ఇంకాస్త ఖాళీగా ఉన్న చోట మళ్లీ చేయండి. ఆరు నెలలకోసారి ఇదే పరీక్ష, మీటరు దొరికితే తొమ్మిదో అడుగు కూడా, తిరిగి చేసి తేదీ, సవరణ విలువ పెట్టె వెనక కాగితం మీద రాసి అంటించండి.